అభ్యంతరం లేదని ఒక కాగితం

నా కోడలు ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని పదకొండు రోజులు ఆఫీసుకు తీసుకెళ్ళింది. పదకొండు రోజులూ అలాగే వెనక్కి తెచ్చింది. దాని మీద మేనేజరు సంతకం ఒకటి పడాలి, కింద కంపెనీ ముద్ర పడాలి. "ఈ అమ్మాయి రాసిన పని మీద మా కంపెనీకి ఏ హక్కూ లేదు, ఆమె దాన్ని ఎవరికిచ్చినా మాకు అభ్యంతరం లేదు" అని అందులో ఉన్న మాట. నెలాఖరులోగా అది దూరదేశంలో ఉన్నవాళ్ళకు చేరితే ఆమె రెండేళ్ళ పని వాళ్ళ ప్రోగ్రాములో కలుస్తుంది. చేరకపోతే కలవదు.

"ఇవాళేమన్నాడు?" అని ఆమె చెప్పులు విప్పకముందే అడిగేదాన్ని.

"రేపు చూద్దామన్నారు అత్తయ్యా."

"నిన్నా రేపే అన్నాడుగా."

"ఆయన దగ్గర రేపు అన్న మాటకు కొదవలేదు."

నవ్వుతూనే అనేది. కవరును మాత్రం నలగకుండా బీరువా పైన పెట్టి, దాని మీద దువ్వెన కూడా పెట్టనిచ్చేది కాదు.

ఆ ప్రోగ్రాము ఫోనులో ఉంటుంది. ఫోను కెమెరాను ఏ అచ్చు కాగితం మీదికి తిప్పినా అందులో ఉన్నది పైకి చదివి వినిపిస్తుంది. మందుల పెట్టె, కరెంటు బిల్లు, బస్సు బోర్డు, ఏదైనా సరే. దాన్ని ఎవరూ అమ్మరు. ఎక్కడెక్కడి వాళ్ళో తలా కాస్త రాసి, రాసినదంతా అందరికీ కనిపించేలా బయట పెడతారు. కావాలంటే ఎవరైనా తీసుకోవచ్చు, తప్పు కనిపిస్తే దిద్దవచ్చు. ఓపెన్ సోర్స్ అంటారట. "మరి వాళ్ళకేం ఒరుగుతుంది?" అని మొదట్లో అడిగాను. "దారిలో ముల్లు తీసి పక్కన పారేసినవాడికి ఏం ఒరుగుతుంది అత్తయ్యా?" అంది.

మా ఆయన ఉన్నన్నాళ్ళు ఇంటికి ఏ కాగితం వచ్చినా ఆయనే చదివేవాడు. ఆయన పోయాక కాగితాలు రావడం మానలేదు. అందుకని కోడలు ఆ ప్రోగ్రామును నా ఫోనులో వేసింది. అది ఎన్నో భాషలు గడగడా చదువుతుంది గాని మన అక్షరాల దగ్గరకు వచ్చేసరికి తడబడేది. అక్షరం కింద ఉండే ఒత్తుల్ని కాగితం మీది మరకలనుకుని, చదవకముందే తుడిచేసేది. అమ్మను అమ అనేది. తమ్ముణ్ణి తముడనేది. అత్త అని ఉన్నచోట అత అంది. పక్క వాటాలో ఉండే ఇస్త్రీ ఆవిడ అది విని పెట్టె పక్కన పెట్టి మరీ నవ్వింది.

"పోనీలే అక్కా. అత్తలకు ఆ కింది బరువు కాస్త తగ్గితే కోడళ్ళు ఊపిరి పీల్చుకుంటారు."

"నీ అత్త వినేలా అను ఆ మాట."

"ఆవిడ చెవులకూ ఒత్తులు లేవులే, ఏదీ వినపడదు."

చదవడం వచ్చినవాళ్ళకు అది నవ్వులాట. మా ఇద్దరికీ రాదు కాబట్టి, అది ఏం చెబితే మాకదే నిజం. ఈ సంగతి నవ్వుతున్నంతసేపూ మాకు తట్టలేదు. నా కోడలికి తట్టింది.

ఆమె పనిచేసే కంపెనీ ప్లైవుడ్డు దుకాణం పైన నాలుగో అంతస్తులో ఉంది. దుకాణాలకు బిల్లులు వేసే ప్రోగ్రాములు రాస్తారు అక్కడ. ఇంట్లో ఆమెకు పాత లాప్‌టాప్ ఒకటి ఉండేది. మరమ్మతు కొట్టులో ఎవరో వదిలేసిపోయినది. దాని బ్యాటరీ చచ్చిపోయింది కాబట్టి ప్లగ్గు ఉన్నచోటే అది బతుకుతుంది. మా ఇంట్లో వదులు కాని ప్లగ్గు వంటింట్లో ఒక్కటే. అందుకని పొద్దున్నే లేచి వంటగట్టు మీద ఒక చివర లాప్‌టాప్ పెట్టుకునేది, రెండో చివర నేను కూర తరిగేదాన్ని. కరెంటు పోతే ఆమె రాసిందీ పోయేది. మొదట్లో తల పట్టుకునేది. తరవాత్తరవాత ప్రతి రెండు నిమిషాలకూ దాచుకోవడం అలవాటు చేసుకుంది, తుమ్ము వచ్చినా ముందు దాచుకుని తుమ్మేది.

మన ఒత్తులు మరకలు కావని యంత్రానికి నేర్పాలంటే వేల బొమ్మలు చూపించాలట. కాబట్టి ఇంట్లోకి చిత్తుకాగితాలు రావడం మొదలైంది. సబ్బు కాగితాలు, బస్సు టికెట్లు, చిరిగిన పాఠ్యపుస్తకాలు, ఇస్త్రీ ఆవిడ బట్టలు చుట్టే పాత పేపర్లు. వాటిని ఫొటోలు తీసి, అక్షరం అక్షరంగా చిన్న గళ్ళలోకి కోసేది. ప్రతి గడికీ ఇది ఫలానా అక్షరమని మనిషి చెప్పాలి. ఆ పని నాకిచ్చింది.

"నాకేం వచ్చని ఇస్తున్నావే తల్లీ."

"రాదు కాబట్టే. వచ్చినవాళ్ళు చూడకుండానే చదివేస్తారు. మీరు చూస్తారు."

పది అక్షరాలు నేర్పేది, ఆ పదీ ఉన్న గళ్ళన్నిటికీ గుర్తులు పెట్టమనేది. అవి అయ్యాక ఇంకో పది. యంత్రానికీ నాకూ ఒకే బడి, ఒకే పలక. మొదటి రెండు నెలలు అదే నాకంటే ముందుంది. ఒకరోజు అది ఆరు తప్పులు చేసిన పేజీలో నేను రెండే చేశాను. ఆ రోజు దాన్ని మొద్దావతారమని పిలిచాను. పేరు అలాగే ఉండిపోయింది.

మావాడు బస్సు డిపోలో మెకానిక్కు. గ్రీజు చేతులతో వచ్చి, మేమిద్దరం తలలు ఆనించుకుని గళ్ళు చూస్తుంటే గడప దగ్గరే ఆగేవాడు. "అత్తా కోడళ్ళు బియ్యంలో రాళ్ళేరినట్టు ఒత్తులేరుతున్నారు. అన్నం ఎవరు వండుతారు?" అనేవాడు. "మీ చేతులు కడుక్కుంటే మీరే వండొచ్చు" అనేది కోడలు. వాడు కడుక్కునేవాడు, వండేవాడు కూడా.

అవతల దేశంలో ఆ ప్రోగ్రాముకు పెద్దదిక్కు ఒకాయన ఉన్నాడు. ఫొటోలో పొట్ట దాకా గడ్డం. గడ్డమాయన అనేవాళ్ళం. కోడలు ఆయనకు ఇంగ్లీషులో ఉత్తరం పంపాలంటే రెండు రోజులు పట్టేది. ఒక్కో వాక్యం రాసి, తిరగేసి, ఎవరినో అడిగి, మళ్ళీ రాసేది. ప్రతి ఉత్తరమూ క్షమించమనే మొదలయ్యేది.

"నువ్వేం తప్పు చేశావని?"

"నా ఇంగ్లీషు బాగోదని అత్తయ్యా."

"ఇచ్చేది నువ్వు, పుచ్చుకునేది ఆయన. క్షమాపణ నువ్వు చెప్పడమేమిటి?"

ఆయన చెడ్డవాడు కాదు. రెండేసి ముక్కల్లో జవాబిచ్చేవాడు. ఒకసారి ఆరు వారాలు జవాబు లేదు. తనేదో తప్పు మాట రాసిందని ఆమె అన్నం సరిగా తినలేదు. తీరా చూస్తే ఆయన సెలవులో కొండలెక్కుతున్నాడట.

మధ్యలో లాప్‌టాప్ తెర పగిలిపోయింది. దానికి సరిపోయే తెర దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఆఫీసు పని ఆరింటికి ముగించుకుని, ఏడున్నర దాకా అక్కడి కంప్యూటరు మీదే ఈ పని చేసుకునేది. మేనేజరుకు తెలుసు. "వెళ్ళేటప్పుడు ఫ్యాను ఆపేసి వెళ్ళమ్మా" అని మాత్రం అనేవాడట. మంచివాడు అత్తయ్యా అని ఆమే నాతో చెప్పింది. ఆ నాలుగు నెలల్లోనే అసలు ముడి వీడింది. ముందు ఒత్తును పై అక్షరంతో ముడివేసి, ఆ తరువాతే మరకలు తుడిచేలా మార్చింది. ఆ వేళ ఇంటికొచ్చి నా చేత సబ్బు కాగితం ముందు ఫోను పెట్టించింది. మొద్దావతారం ఒక్క ఒత్తు మింగకుండా చదివింది. ఇస్త్రీ ఆవిడ తన ఫోనులో కూడా వేయించుకుని, సందులో ఉన్న బోర్డులన్నీ దానిచేత చదివించుకుంటూ తిరిగింది. "పాలకేంద్రం పక్కనున్నది పళ్ళ డాక్టరట అక్కా, ఇన్నేళ్ళూ నేను కళ్ళ డాక్టరనుకున్నాను" అంది.

గడ్డమాయన కూడా చూశాడు. బాగుందని నాలుగు ముక్కలు రాశాడు, ఆయనకది పెద్ద ఉత్తరం. వచ్చే విడుదలలో, అంటే ఈసారి బయటికి వదిలే ప్రోగ్రాములో, కలుపుకుంటామన్నాడు. కలిపితే ఎవరి ఫోనులోనైనా దానంతటదే వచ్చేస్తుంది. అయితే ఉద్యోగం చేసేవాళ్ళు ఎవరు పని ఇచ్చినా వాళ్ళ కంపెనీ నుంచి అభ్యంతరం లేదని కాగితం తేవాలి. అది అక్కడి నియమం. ఇదివరకు ఎవరి కంపెనీయో వచ్చి ఇది మాదని గొడవ చేసిందట. వాళ్ళ దేశంలో అలాంటి కాగితం మీద రోజూ ఎవరో ఒకరు సంతకం పెడుతూనే ఉంటారు. ఇక్కడి మేనేజరు పుట్టి బుద్ధెరిగాక అలాంటిది చూడలేదు.

"ఊరికే ఇచ్చేదానికి సంతకమెందుకమ్మా? ఊరికే ఇస్తున్నామంటేనే ఏదో మెలిక ఉంటుంది" అన్నాడట.

పన్నెండో రోజున హెడ్డాఫీసుకు రాశాడు. వాళ్ళు తమ కాగితం ఒకటి పంపారు. అందులో ప్రశ్నలు, పక్కన గళ్ళు. కోడలు వాటిని ఆఫీసులోనే నింపి ఇచ్చి వచ్చింది.

"ఇంక అయిపోయినట్టే. ఆయన సంతకం పెట్టేస్తానన్నారు, హెడ్డాఫీసు సరేననగానే" అంది.

నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులుంది. ఆమె ముఖంలో ఆ వెలుగు చూసి నాకూ ఏదైనా చేయాలనిపించింది. పెద్దవాళ్ళు ఒక మంచి మాట చెబితే పని జరుగుతుందన్నది నేను పుట్టినప్పటినుంచీ చూసినది. మేనేజరుకు నేనే ఒక ఉత్తరం రాద్దామనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మూడు మధ్యాహ్నాలు పట్టింది. అచ్చక్షరాల్లా విడివిడిగా రాసి, ఒత్తులు సరిగా పడ్డాయో లేదో ఫోను ముందు పెట్టి చదివించుకుని, తప్పున్నచోట మళ్ళీ రాశాను.

"మేనేజరు గారికి నమస్కారం. నేను మీ దగ్గర పనిచేసే అమ్మాయికి అత్తగారిని. మా ఇంట్లో కంప్యూటరు పాడైతే మీరు నాలుగు నెలలు మీ కంప్యూటరు ఇచ్చారు. రోజూ ఆరు నుంచి ఏడున్నర దాకా మీ ఫ్యాను కింద కూర్చుని మా కోడలు ఈ పని చేసుకుంది. మీరు ఒక్క మాట అనలేదు. ఆ పని వల్ల నాకు ఈ వయసులో అక్షరాలు వచ్చాయి. ఇది నేను రాసిన మొదటి ఉత్తరం. మీకు రాయడం న్యాయమని రాశాను. ఆ కాగితం మీద సంతకం పెట్టగలరు."

మేనేజరు చొక్కాలు ఇస్త్రీకి వచ్చేది మా పక్క వాటాకే. మడతపెట్టిన నీలం చొక్కా జేబులో ఉత్తరం పెట్టి ఇస్త్రీ ఆవిడ పంపించింది.

మర్నాడు ఆయన నాకు ఫోను చేశాడు.

"పెద్దమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా అమ్మ నాకు ఒక్క ఉత్తరమూ రాయలేదండీ, ఆవిడకు రాదు. ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను."

"తప్పులేమైనా ఉన్నాయా బాబూ?"

"ఒక్కటి లేదు. దీన్ని హెడ్డాఫీసుకు కూడా పంపించాను. మా బ్రాంచి ఎలాంటిదో వాళ్ళకూ తెలియాలి కదా."

ఆ సాయంత్రం కోడలు ఇంటికి వస్తే నేను తలుపు దగ్గరే ఎదురెళ్ళాను, మెచ్చుకుంటుందని. ఆమె చెప్పులతోనే లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంది.

"ఉత్తరం బాగుంది అత్తయ్యా" అంది. ఆ తరువాత మంచినీళ్ళు అడిగింది.

ఏమీ తెలియని నేను గర్వపడ్డాను. రెండు రోజులు గర్వంగానే ఉన్నాను. ఇస్త్రీ ఆవిడకు ఆ ఉత్తరంలోని మాటలు అప్పజెప్పాను కూడా.

మూడోరోజు హెడ్డాఫీసు నుంచి జవాబు వచ్చింది. కోడలు నింపిన కాగితంలో రెండో ప్రశ్న ఇది: ఈ పనికి కంపెనీ కంప్యూటరు గాని, నెట్టు గాని, గది గాని వాడారా? ఆ గడిలో ఆమె లేదని రాసింది. ఆ కాగితం పక్కనే నా ఉత్తరం పెట్టి, ఎర్ర గీత గీసి పంపారు. ఉద్యోగంలో చేరిన రోజున ఆమె పద్నాలుగు పేజీల ఒప్పందం మీద సంతకం పెట్టిందట. కంపెనీ వస్తువుతో చేసిన ప్రతి పనీ కంపెనీదే అని తొమ్మిదో పేజీలో ఉందట. కాబట్టి ఈ పని కంపెనీది. దీన్ని బయటివాళ్ళకు ఇవ్వకూడదు, ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవాలి, ఎక్కడెక్కడ కాపీలున్నాయో అన్నీ చెరిపేయాలి. అలాగేనని రాసిస్తే తప్పుడు జవాబు రాసినందుకు ఉద్యోగంలోంచి తీసేయరు.

ఇదంతా ఆమె వంటింట్లో నిలబడి, నీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చెప్పింది. మావాడు విన్నాడు. వాడు నన్ను ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు.

"నిన్నెవరు రాయమన్నారమ్మా? అడిగావా? ఒక్కసారి మమ్మల్ని అడిగావా?"

"మంచి మాటే కదరా రాశాను."

"అదేనమ్మా."

"ఆవిడనేం అనకండి" అంది కోడలు. "ఆవిడ రాసిందాంట్లో అబద్ధం లేదు. అబద్ధం రాసింది నేను. నాలుగు నెలలే కదా, ఎవరు చూస్తారులే అనుకున్నాను."

"వాళ్ళు ఇప్పుడు దాన్నేం చేసుకుంటారు?" అని అడిగాను. "అమ్ముకుంటారా?"

"లేదత్తయ్యా. వాళ్ళకది దేనికీ పనికిరాదు. ఎక్కడో ఒక మూల పెట్టేస్తారు."

అమ్ముకున్నా బాగుండేది. ఎవరో ఒకరి ఫోనులో ఉండేది.

మేనేజరు మళ్ళీ ఫోను చేశాడు. "నేను మంచే అనుకుని పంపానండీ పెద్దమ్మా" అన్నాడు. "నేనూ అలాగే రాశాను బాబూ" అన్నాను. ఆ తరువాత ఆయన చొక్కాలు వేరే చోట ఇస్త్రీకి వెళ్ళడం మొదలుపెట్టాయి. అత్త మంచీ వేపాకు తీపీ ఉండవని సందులో ఎవరో అన్నారు. కోడలి పేరు పైకి రావడం ఓర్వలేక కావాలనే చేసిందని ఇంకెవరో అన్నారు. ఇస్త్రీ ఆవిడ వాళ్ళతో పోట్లాడి వచ్చింది.

ఆమె హెడ్డాఫీసుకు అలాగేనని రాసిచ్చింది. గడ్డమాయనకు ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఈసారి పొడుగ్గా రాశాడు. చాలా బాధగా ఉందన్నాడు. నీ పని నువ్వే తీసేసుకుంటావా, మమ్మల్ని తీసేయమంటావా అని అడిగాడు. "నేనే తీస్తాను" అని జవాబిచ్చింది. ఆ ఉత్తరం క్షమించమని మొదలు కాలేదు. నేరుగా రాసింది, పావుగంటలో అయిపోయింది.

ఆదివారం పొద్దున్న వంటగట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుంది. నేను పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. పొమ్మనలేదు. తీసేసే వరసలు ఎర్రగా వస్తాయి, ప్రతి వరసకూ ముందు చిన్న అడ్డగీత. తెర నిండా ఎరుపు, కిందికి తోస్తే మళ్ళీ ఎరుపు. ఆ భాష నాకు రాదు. కొంతసేపటికి మాత్రం నాకు తెలిసినవి వచ్చాయి. నేను గుర్తులు పెట్టిన గళ్ళ జాబితా అది. నాలుగు వేల రెండు వందల చిల్లర. క్క, త్త, మ్మ, ళ్ళ. ఒక్కొక్కటీ చదువుకుంటూ పోయాను. నేను చదివేంతవరకూ ఆమె కిందికి తోయకుండా ఆగేది.

అంతా అయ్యాక అడిగాను. "నీ బుర్రలో ఉందిగా. ఇంట్లో కూర్చుని, ఆ ఆఫీసు గాలి సోకకుండా, మళ్ళీ మొదటినుంచీ రాయలేవా?"

"రాయగలను. రాయకూడదు."

"అదేమిటి?"

"ఒకసారి రాసినదాన్ని కదా, మళ్ళీ రాసినా అదే వస్తుంది. అదీ మాదేనంటారు. ఈ పని ఎప్పుడూ చూడనివాళ్ళెవరైనా కొత్తగా మొదలుపెడితేనే పనికొస్తుందట. వాళ్ళకు నేను సాయం చేయకూడదు. అడిగినా చెప్పకూడదు. గడ్డమాయన కూడా అదే రాశారు."

"అంటే, దీని గురించి అందరికంటే ఎక్కువ తెలిసినదానివి నువ్వు. నువ్వొక్కదానివే ముట్టుకోకూడదు."

"ఊఁ" అంది. లాప్‌టాప్ తీగ చుట్టింది. చుట్టిన తీగను మళ్ళీ విప్పి ఇంకా గట్టిగా చుట్టింది.

ఇస్త్రీ ఆవిడ ఫోనులోంచి కూడా తీసేయాలి. కోడలు వెళ్ళి నిలబడింది. "నా ఫోను మీ కంపెనీ వాళ్ళదా?" అంది ఇస్త్రీ ఆవిడ. "నేనేం సంతకం పెట్టలేదమ్మాయ్. పళ్ళ డాక్టరును మళ్ళీ కళ్ళ డాక్టరు చేస్తానంటే ఊరుకోను." కోడలు బతిమాలలేదు. అలాగే నిలబడి ఉంది. కాసేపటికి ఇస్త్రీ ఆవిడే ఫోను తీసి చేతిలో పెట్టి, మొహం అవతలికి తిప్పుకుని ఒకే చొక్కాను మళ్ళీ మళ్ళీ రుద్దింది.

రెండు నెలల తరువాత ఎవరో ఒక లెక్కల మాస్టారు ముందుకొచ్చాడు. మన భాషవాడే, ఎక్కడో వేరే ఊళ్ళో ఉంటాడు. బడిలో పిల్లలకు చూపు తక్కువట, వాళ్ళకోసం ఈ ఒత్తుల సంగతి తనే తేలుస్తానని అందరికీ కనిపించేచోట రాశాడు. కోడలు ఆ రోజు నవ్వింది. చాలా రోజుల తరువాత నేను చూసిన నవ్వు అది.

ఆయన వారానికొకసారి ఎంతవరకు వచ్చిందీ రాసేవాడు. ఆమె ఆఫీసుకు వెళ్ళే బస్సులో చదివి, ఇంటికొచ్చి నాకు చెప్పేది. మొదటి వారం కాగితాల్ని ఇంకా తెల్లగా చేస్తే ఒత్తులు కనిపిస్తాయేమో అనుకున్నాడు. రెండో వారం ఇంకా తెల్లగా చేశాడు. మూడో వారం, ఒత్తులతో పాటు సున్నాలు కూడా మాయమవుతున్నాయి, ఎవరికైనా తెలుసా అని అడిగాడు.

"దారి తప్పారు" అంది కోడలు. "తుడిచేది ఎంత బాగా తుడుస్తుందా అని చూస్తున్నారు. తుడవకముందు ముడివేయాలని తట్టడం లేదు. ఒక్క ముక్క. ఒక్క ముక్క చెబితే ఒక రోజులో అయిపోతుంది."

ఆమె వేళ్ళు ఫోను మీదే ఉన్నాయి. ఏదో కొట్టింది. చెరిపింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ చెరిపింది.

"నేను రాస్తాను" అన్నాను. "నేను ఏ కంపెనీలోనూ లేను. ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టలేదు. నీ రాతలు చూసినా నాకర్థం కావు. ముందు ముడివెయ్యి నాయనా, తరువాత తుడువు అని అంతే రాస్తాను. నాకు వచ్చు ఇప్పుడు."

"మీకెలా తెలిసిందని అడిగితే?"

నేను ఫోను కోసం చెయ్యి చాపాను.

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే ఓర్చుకునేదాన్ని. ఫోనును నాకు అందకుండా కొంచెం జరుపుకుంది.

"మీరు ఇంకేమీ రాయకండి అత్తయ్యా" అంది, మెల్లిగా.

సరేనన్నాను. వెళ్ళి ఆరేసిన బట్టలు తీసుకొచ్చి మడతపెట్టాను. అవి ఇంకా ఆరలేదు, మడతపెట్టాక తెలిసింది.

మాస్టారు ఇంకో ఐదు వారాలు ప్రయత్నించాడు. ఆరో వారం ఏమీ రాయలేదు. ఏడో వారం సోమవారం పొద్దున కోడలు టిఫిను డబ్బా మూత పెడుతుండగా ఫోను మోగింది. ఆమె చూసి నాకందించింది. నేనే చదువుకున్నాను. బడిలో పని పెరిగింది, ఇంట్లో నెట్టు సరిగా రాదు, ఎంత చేసినా ఒత్తులు నిలవడం లేదు, ఇది నావల్ల అయ్యే పని కాదని తెలిసింది, ఎవరైనా ముందుకొస్తే నేను చేసినంతవరకు ఇచ్చేస్తాను అని ఉంది. ఎవరైనా ఉన్నారా అని చివర అడిగాడు.

దాని కింద జవాబు రాయడానికి ఖాళీ గడి ఉంది. గడిలో సన్నటి గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది. మేమిద్దరం దాన్ని చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి తెర దానంతటదే నల్లబడింది. బస్సుకు వేళవుతోందని ఆమె డబ్బా సంచిలో పెట్టుకుని, నా చేతిలోంచి ఫోను తీసుకుని వెళ్ళిపోయింది.